పెద్ద అక్షరం, చిన్న అక్షరం

కంప్యూటరుకు మనిషి ఆజ్ఞలిచ్చే భాషలను ప్రోగ్రామింగ్ భాషలంటారు. ఇవి నేడు వందలకొద్దీ వున్నవి. వాటిని నిర్మించిన పండితులు ఎన్నో విషయాలలో ఏకాభిప్రాయానికి వచ్చినా, చూపునకు అతి స్వల్పమైన ఒక విషయంలో మాత్రం ఇంతవరకు రెండు పక్షాలుగానే నిలిచిపోయినారు. ఇంగ్లీషులోని పెద్ద ఏబీసీడీలను, చిన్న ఏబీసీడీలను యంత్రం వేర్వేరు అక్షరాలుగా చూడవలెనా, లేక ఒకే అక్షరానికి రెండు రూపాలుగా భావించవలెనా? వేర్వేరుగా చూచే భాషను ‘కేస్ సెన్సిటివ్’ అనీ, ఒకటిగా చూచేదానిని ‘కేస్ ఇన్‌సెన్సిటివ్’ అనీ వ్యవహరిస్తున్నారు.

ఇది ఇంజనీర్ల వివాదం, గృహస్థులకు దీనితో ఏమి నిమిత్తం అని శ్రోతలు అనుకోవచ్చు. కాని ఈ వివాదపు ఫలితం ప్రతి ఇంటి గడప దాటి లోపలికి వచ్చి చాలాకాలమైంది. బ్యాంకు పాస్‌వర్డులో ఒక అక్షరం పెద్దదిగా పడితే తలుపు తెరుచుకోదు. అదే వెబ్‌సైటు పేరును పెద్ద అక్షరాలతో వ్రాసినా, చిన్న అక్షరాలతో వ్రాసినా చేరవలసిన చోటికే చేరుస్తుంది. ఒకచోట పట్టింపు, మరొకచోట ఉదాసీనత. ఎక్కడ ఏది ధర్మమో తెలియక పెద్దలు విసుగుకొంటారు. ఇక ప్రోగ్రామింగు నేర్చుకొనే పిల్లలు, ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు, మొదటి వారంలోనే ఈ రాయి తగిలి తూలుతారు.

ఇందుకు కారణం లేకపోలేదు. మన లిపిలో ఈ భేదమే లేదు. తెలుగు ‘క’కు పెద్ద క, చిన్న క అని రెండు లేవు. నాగరిలో లేవు. ఉర్దూ లిపిలోనూ లేవు. మన లక్డీకాపూల్‌నే తీసుకోండి. ఆ పేరును మన నగరంలో నాలుగు లిపులలో వ్రాస్తారు. తెలుగు, హిందీ, ఉర్దూ అక్షరాలకు పెద్ద చిన్న తారతమ్యం తెలియదు. నాలుగవదైన ఇంగ్లీషుకు మాత్రమే అది తెలుసు. ఆ ఇంగ్లీషులోనైనా ఒకరు మూడు మాటలను కలిపి వ్రాస్తారు, ఒకరు నడుమ అడ్డగీతలు పెడతారు, ఒకరు విడివిడిగా వ్రాస్తారు. ‘పుల్’ అని ఒకరు, ‘పూల్’ అని మరొకరు. కట్టెల వంతెన అని అర్థమిచ్చే ఆ పేరును ఏ విధంగా వ్రాసినా పోస్టుమాను ఉత్తరాన్ని అక్కడికే తెచ్చి యిస్తాడు, ఆటోవాలా అక్కడనే దింపుతాడు. మనిషి పేరును చూస్తాడు. యంత్రం అక్షరాన్ని చూస్తుంది. ఈ ఒక్క వాక్యంలో సమస్య యావత్తూ ఇమిడి వున్నది.

ఇంతకూ ఈ రెండు రూపాలు ఎట్లా ఏర్పడినవి? ప్రాచీన రోమకులు రాతిమీద చెక్కిన శాసనాలలోని అక్షరాలే నేటి పెద్ద ఏబీసీడీలకు మూలం. రాతిమీద ఉలికి అనుకూలమైనవి గీతలు. తోలుపత్రంమీద కలానికి అనుకూలమైనవి వంపులు. క్రీస్తుశకం ఎనిమిదవ శతాబ్ది చివర, షార్లమేన్ చక్రవర్తి కాలంలో, ఐరోపా లేఖకులు తీర్చిదిద్దిన గుండ్రని వ్రాతనుండి చిన్న అక్షరాలు స్థిరపడినవి. అచ్చుయంత్రం వచ్చిన పిమ్మట కంపోజిటరు తన ముందు రెండు చెక్క కేసులు అమర్చుకొనేవాడు. పై కేసులో పెద్ద అక్షరాలు, క్రింది కేసులో చిన్నవి. నేటి కంప్యూటరు పండితుడు ‘కేస్’ అంటున్నది ఆ చెక్కపెట్టెనే. మన తెలుగు అచ్చుకూటాలలోనూ కేసులుండేవి. వాటిలో గుణింతాలకు, వత్తులకు, సంయుక్తాక్షరాలకు లెక్కకు మిక్కిలిగా గళ్ళుండేవి. కాని అవి ధ్వనిభేదంకోసం ఏర్పడిన గళ్ళే గాని, హోదాకోసం ఏర్పడినవి కావు.

విద్యుత్తు వచ్చినప్పుడు ఈ భేదం కొంతకాలం మరుగున పడింది. టెలిగ్రాఫు వారి మోర్సు సంకేతాలలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే మాటే లేదు. మన దేశంలో 2013 జూలైలో ఆగిపోయినంతవరకు టెలిగ్రాములు ఆ సంప్రదాయాన్నే పాటించి, శుభవార్తనూ అశుభవార్తనూ పెద్ద అక్షరాలలోనే మోసుకొచ్చినవి. తొలి కంప్యూటర్లూ అంతే. 1957లో జాన్ బాకస్, ఆయన సహచరులు ఐ.బి.ఎం. సంస్థలో ఫోర్ట్రాన్ భాషను వెలువరించినప్పుడు, ప్రోగ్రామును ఎనభై గడులున్న అట్ట కార్డులకు రంధ్రాలు పొడిచి యంత్రానికి అందించేవారు. ఆ పద్ధతిలో పెద్ద అక్షరాలకే తావుండేది. రెండవ రూపమే లేనిచోట వివాదమెక్కడిది? మన హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైననాటికి ప్రపంచమంతటా ప్రోగ్రాములు చాలావరకు అట్లాగే వుండేవి.

1963లో అమెరికావారు అక్షరాలకు అంకెలు కేటాయించి ‘ఆస్కీ’ అనే పట్టిక తయారుచేసినారు. దానిలోనూ మొదట చిన్న అక్షరాలు లేవు. 1967 నాటి పట్టికలో అవి చేరినవి. పెద్ద ‘ఏ’కు 65, చిన్న ‘ఏ’కు 97. ఏ అక్షరాన్ని తీసుకొన్నా పెద్దదానికీ చిన్నదానికీ మధ్య దూరం 32. మన కంటికి ఒకే అక్షరపు రెండు వేషాలుగా కనిపించేవి, యంత్రం లోపల రెండు వేర్వేరు సంఖ్యలైనవి. అప్పటినుండే అసలు ప్రశ్న పుట్టింది.

దానికి వచ్చిన జవాబులు చిత్రమైనవి. 1972 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన ‘సి’ భాష భేదాన్ని పాటించింది. దాని అడుగుజాడలలో నడిచిన జావా, జావాస్క్రిప్ట్ మొదలైనవీ, వేరే మార్గాన వచ్చిన పైథానూ అదే పక్షం. 1983లో అమెరికా రక్షణశాఖ ప్రమాణీకరించిన ‘ఆడా’ భాష భేదాన్ని త్రోసివేసింది. నిక్లాస్ విర్త్ అనే స్విస్ ఆచార్యుడు 1970లో రచించిన పాస్కల్ భాషలో పెద్ద చిన్నల పట్టింపు లేదు. ఆయనే ఆ దశాబ్దం చివర రచించిన మాడ్యులా-2లో పట్టింపు పెట్టినాడు. ఒకే మహామేధావి ఒకే దశాబ్దంలో రెండు పక్షాలనూ స్వీకరించినాడంటే, ప్రశ్న అంత సులభమైనది కాదని గ్రహించవచ్చు.

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే నాలుగవ స్టేషను అమీర్‌పేట. అక్కడి శిక్షణాలయాలలో మన జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు ఉదయం జావా, సాయంకాలం డేటాబేసుల భాష అయిన ఎస్.క్యూ.ఎల్. నేర్చుకొంటూ వుంటారు. ఉదయపు పాఠంలో అక్షరం పెద్దదైతే నేరం. సాయంకాలపు పాఠంలో ఆజ్ఞను ఎట్లా వ్రాసినా సమ్మతమే. అంతటితో అయినదా? ఆ సాయంకాలపు భాషలోనే, ఆజ్ఞలకు లేని పట్టింపు లోపలి సమాచారానికి వుండవచ్చు. ఒరాకిల్ డేటాబేసులో, ప్రత్యేకంగా చెప్పనంతవరకు, ‘లక్డీకాపూల్’ అని మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా వ్రాసిన చిరునామా వేరు, అన్నీ పెద్ద అక్షరాలైన చిరునామా వేరు. మై ఎస్.క్యూ.ఎల్.లో సాధారణంగా రెండూ ఒకటే. ఒక ఆసుపత్రి రిజిస్టరులో ఒక గుమాస్తా ఒక విధంగా, మరొక గుమాస్తా మరొక విధంగా వూరి పేరు ఎక్కించినారనుకోండి. మన పేటలోని రోగులెందరు అని అడిగితే యంత్రం సగంమందినే చూపి వూరుకొనవచ్చు. అది అబద్ధమాడలేదు, మనం అడిగిన అక్షరాలకే జవాబు చెప్పింది.

ఇప్పుడు రెండు పక్షాల వాదాలనూ విచారిద్దాం.

భేదం వద్దనేవారి ప్రధాన వాదం మనిషి స్వభావాన్ని ఆశ్రయించింది. మనం మాటను చెవితో గుర్తుపెట్టుకొంటాము. గొంతుకకు పెద్ద అక్షరం పలకడం చేతకాదు. ఫోనులో ఒకరికి ప్రోగ్రాము చదివి వినిపించవలసివస్తే, ప్రతి మాటకూ ముందు ‘కాపిటల్’ అని చేర్చక తప్పదు. ఇది కేవలం ఊహ కాదు. 1990లలో అమెరికాలో వర్జీనియా, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాలవారు ఆలిస్ అనే బోధన సాధనాన్ని పైథాన్ భాషతో నిర్మించి కొత్తవారికి నేర్పి చూచినారు. అక్షరాల పట్టింపు వారిని పదేపదే ఇబ్బంది పెట్టుట గమనించి, తమ పనికోసం పైథాన్‌నే సవరించి ఆ పట్టింపు తీసివేసినారు. ఇంగ్లీషే మాతృభాషగా గల విద్యార్థుల సంగతి యిట్లా వుంటే, ఆ భేదం లేని లిపిలో ఓనమాలు దిద్దినవారి మాట చెప్పవలెనా?

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక విద్యార్థిని ఇంటి ఖర్చు లెక్క కట్టడానికి పైథాన్‌లో ప్రోగ్రాము వ్రాసిందనుకోండి. పాలకు 600, కూరలకు 400, కరెంటుకు 250 రూపాయలు. మొత్తానికి ‘టోటల్’ అని చిన్న ‘టి’తో పేరు పెట్టి, మొదట దానిలో సున్న వుంచింది. ఆ పిమ్మట ఒక్కొక్క ఖర్చును కూడుతూ, ఫలితాన్ని దాచేచోట పొరపాటున పెద్ద ‘టి’ వ్రాసింది. యంత్రం ఏమి చేస్తుంది? పెద్ద ‘టి’తో వున్నది మరొక కొత్త పేరని భావించి దానికి వేరుగా చోటు కేటాయిస్తుంది. చిన్న ‘టి’ పేరులో సున్న సున్నగానే వుండిపోతుంది. చివరకు మొత్తమెంత అని అడిగితే, 1250కి బదులు సున్న అని జవాబు వస్తుంది. దోషమున్నదని ఒక్క మాట చెప్పదు. ఇల్లు ఖర్చు లేకుండానే గడిచిపోయినదన్నమాట!

అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పవలెను. ఇదే పొరపాటు ‘సి’లోనో జావాలోనో చేసివుంటే యంత్రం అంగీకరించేది కాదు. ఆ భాషలలో ప్రతి పేరునూ ముందుగా ప్రకటించవలెననే నియమమున్నది. ప్రకటించని పేరు కనిపిస్తే ప్రోగ్రాము నడవదు. కనుక ఆ విద్యార్థినిని మోసగించినది అక్షరభేదం ఒక్కటే కాదు. భేదమూ, మౌనమూ రెండూ కలిసి మోసగించినవి. పట్టింపు గల భాష హెచ్చరికైనా చేయవలె. హెచ్చరించలేని భాష పట్టింపైనా సడలించవలె. రెండూ చేయనిచోటనే ప్రమాదం.

భేదం కావాలనేవారి వాదమూ తీసివేయదగినది కాదు. వారు చెప్పే మొదటి కారణం సౌకర్యం. జావా వ్రాసేవారు ఒక తరగతి వస్తువులకు పెద్ద అక్షరంతోను, ఆ తరగతిలోని ఒక వస్తువుకు చిన్న అక్షరంతోను పేరు మొదలుపెడతారు. మారని విలువలకు అన్నీ పెద్ద అక్షరాలే. పేరు చూడగానే అది ఏ జాతిదో తెలుస్తుంది. ఇది వాడుకవలన ఏర్పడిన మర్యాద.

రెండవ కారణం ఇంకా బలమైనది. పెద్ద చిన్నలను ఒకటిగా చూడమని యంత్రానికి చెప్పడం అనుకొన్నంత సులభం కాదు. ఇంగ్లీషులో 32 కలిపితే సరిపోయింది. ఇతర భాషల మాట? తుర్కీ దేశం 1928లో రోమను లిపిని స్వీకరించినప్పుడు ‘ఐ’ అక్షరాన్ని రెండుగా చేసుకొన్నది: చుక్క వున్నది ఒకటి, చుక్క లేనిది మరొకటి. ప్రతిదానికీ తన పెద్ద రూపం వేరే వున్నది. ఇంగ్లీషులో చుక్క వున్న చిన్న అక్షరానికి చుక్క లేని పెద్ద అక్షరం జోడు, తుర్కీలో కాదు. అందుచేత పెద్ద అక్షరాలను చిన్నవిగా మార్చే ప్రోగ్రాము లండనులో సక్రమంగా పనిచేసి ఇస్తాంబులులో తప్పవచ్చు. జర్మనులో ఒక అక్షరాన్ని పెద్దదిగా మారిస్తే సాధారణంగా రెండు అక్షరాలవుతవి. గ్రీకులో ఒకే పెద్ద అక్షరానికి, మాట నడుమ ఒకటి, చివర ఒకటి, రెండు చిన్న రూపాలు. ఇన్ని దేశాల మర్యాదలు యంత్రానికి నేర్పేకంటె, ఏ సంఖ్య ఆ సంఖ్యే అని ఊరుకోవడం మేలని వారంటారు. ఒకే ప్రోగ్రాము దేశానికొక అర్థమివ్వరాదు గదా!

ఈ వాదంలో మనకు స్వంతమైన అధ్యాయం ఒకటి వున్నది. తెలుగు అక్షరాలు కంప్యూటరులో సులభంగా లభించని రోజులలో, 1990లలో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ గారలు తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసే ఒక పద్ధతిని కల్పించినారు. ఆర్.టి.ఎస్. అని దానికి పేరు. దేశాంతరంలోని తెలుగువారు దానితోనే పద్యాలు వ్రాసుకొన్నారు, వాదించుకొన్నారు. తరువాత వచ్చిన ‘లేఖిని’ వంటి సాధనాలూ ఆ పద్ధతినే అనుసరించినవి. ఇంగ్లీషుకు వున్నవి 26 అక్షరాలు. మన వర్ణమాలకు అవి చాలవు. అందుకని వారు పెద్ద చిన్న రూపాలను రెండు వేర్వేరు ధ్వనులకు వినియోగించినారు. చిన్న ‘టి’ అంటే త, పెద్ద ‘టి’ అంటే ట. చిన్న ‘డి’ ద, పెద్దది డ. చిన్న ‘ఎన్’ న, పెద్దది ణ. చిన్న ‘ఎల్’ ల, పెద్దది ళ.

ఇక్కడ భేదాన్ని త్రోసివేస్తే భాషే నిలవదు. ‘కల’కూ ‘కళ’కూ తేడా ఒక్క పెద్ద అక్షరం. ‘మది’కీ ‘మడి’కీ తేడా అదే. ఇంగ్లీషు మర్యాద ప్రకారం పేరును పెద్ద అక్షరంతో మొదలుపెడితే తెలుగు కాస్తా ‘టెలుగు’ అవుతుంది. నాన్న ‘ణాన్న’ అవుతాడు. లక్డీకాపూల్ ‘ళక్డీకాపూల్’ అవుతుంది. పైగా ఆ పేరులోని ‘డ’కు మాట నడుమ పెద్ద అక్షరం కావాలె. స్టేషను బోర్డుమీది ఇంగ్లీషుకు ఒక న్యాయం, ఈ పద్ధతికి దానికి విరుద్ధమైన న్యాయం. మెరుపు వేగంతో తెలుగు వ్రాయడానికి అలవాటుపడినవారికి ఈ రెండవ న్యాయం చేతివ్రేళ్ళలోనే నిలిచివున్నది.

ఈ ఉదాహరణనుండే నాకు ఒక సిద్ధాంతం స్ఫురిస్తున్నది. ఆర్.టి.ఎస్.లో పెద్ద అక్షరం మోస్తున్నది చెవికి వినిపించే భేదాన్ని. కల అన్నా, కళ అన్నా వినేవానికి తేడా తెలుస్తుంది. కనుక అక్కడ ఆ పట్టింపు ధర్మమే. ప్రోగ్రాములోని రెండు ‘టోటల్’ల సంగతి అట్లా కాదు. నోట పలికితే రెండూ ఒకటే. కంటికి మాత్రమే, అదీ అలసిన కంటికి అందని విధంగా, కనిపించే తేడామీద లెక్క యావత్తూ ఆధారపడి వున్నది. రేడియోలో పనిచేసేవారికి ఒక నియమమున్నది: ఒక్కసారి వింటే పోల్చుకోలేని రెండు మాటలను ఒకే వాక్యంలో దగ్గరగా వాడరాదు. ప్రోగ్రాములు వ్రాసేవారికీ ఆ నియమమే శిరోధార్యమని నా అభిప్రాయం. అక్షరం పరిమాణంలో మాత్రమే తేడా గల రెండు పేర్లను ఒకే ప్రోగ్రాములో వుంచరాదు.

మరి తుర్కీవారి చుక్క మాటేమిటి? పెద్ద చిన్నలను పోల్చడమే కష్టమైనప్పుడు ఈ నియమాన్ని యంత్రం ఎట్లా అమలుచేస్తుంది? ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. రెండు పేర్లను ఒకటిగా భావించి అర్థం చెప్పవలసివస్తే, పోలికలో పొరపాటు జరిగితే ప్రోగ్రాము అర్థమే మారిపోతుంది. కాని, “ఈ రెండు పేర్లూ మరీ దగ్గరగా వున్నవి, చూచుకొనండి” అని హెచ్చరించడం వరకే యంత్రం పని అయితే, ఎక్కడో ఒకచోట హెచ్చరిక తప్పినా, అనవసరంగా వచ్చినా, లెక్కకు హాని లేదు. తీర్పు చెప్పేవానికి వుండవలసినంత నిర్దుష్టత్వం కావలివానికి అవసరం లేదు. కనుక భాష కఠినంగానే వుండవచ్చు. దాని ప్రక్కన కావలివాడు మెలకువగా వుండవలెను. నేటి ప్రోగ్రాములు వ్రాసే సాధనాలు చాలావరకు ఈ పనికి సమర్థమైనవే. వాటిని మొదటి రోజునుండే విద్యార్థులకు పరిచయం చేయడం ఉపాధ్యాయుల బాధ్యత.

మన లిపిలోనే ప్రోగ్రాము వ్రాస్తే ఈ బాధ వుండదు గదా అని కొందరికి తోచవచ్చు. కొంతవరకు నిజమే. 1991లో వెలువడిన యూనికోడ్ పట్టికలో తెలుగుకు స్థానం లభించింది. 2008లో వచ్చిన పైథాన్ మూడవ రూపంలో ఆజ్ఞలు ఇంగ్లీషులోనే వున్నా, మనం పెట్టే పేర్లు తెలుగులో వుండవచ్చు. ‘మొత్తం’ అని వ్రాస్తే పెద్ద మొత్తం, చిన్న మొత్తం అనే సందేహం రాదు. కాని మనకూ మన చిక్కులున్నవి. ‘కై’ అన్న అక్షరంలోని ఐత్వాన్ని యూనికోడులో ఒకే సంకేతంగా వ్రాయవచ్చు, ఎత్వమూ దానిక్రింది గుర్తూ కలిపి రెండుగానూ వ్రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. పైథాన్ వాటిని ఒకటిగా చేసుకొంటుంది. జావా వేర్వేరు పేర్లనుకొంటుంది. ఇక ‘ఐన’ అని ఒకరు, ‘అయిన’ అని ఒకరు వ్రాసే అలవాటు వుండనే వున్నది. కనుక రోమను లిపిని నిందించి మనం తప్పించుకోలేము. ఏ లిపిలోనైనా మనిషి ఒకటిగా చూచేది, యంత్రం రెండుగా చూచేది ఏదో ఒకటి వుంటుంది.

చివరకు తేలిన సారాంశమిది. సామాన్యప్రజలు వ్రాసేచోట, అనగా వూరి పేరు, మనిషి పేరు, వెదికే మాట వ్రాసేచోట, యంత్రం అక్షరం పరిమాణాన్ని పట్టించుకొనరాదు. అక్కడ సర్దుకొనవలసినది యంత్రమే గాని మనిషి కాదు. పాన్ కార్డు సంఖ్యను, బ్యాంకు శాఖ సంకేతాన్ని పెద్ద అక్షరాలలోనే నిర్ణయించినవారు ఈ చిక్కును మొదటనే నివారించినారు. పాస్‌వర్డు విషయంలో పట్టింపు వుండవచ్చు. దొంగకు కష్టం కలిగించుటే దాని ప్రయోజనం. ప్రోగ్రాములలో భాష తన నియమాన్ని తాను పాటించుగాక. వ్రాసేవారు మాత్రం చెవికి తెలియని భేదంమీద అర్థాన్ని నిలుపరాదు. పిల్లలకు తొలి పాఠంలోనే ఈ సంగతి తెలుగులో, కారణంతో సహా చెప్పవలె. ఎందుకు తప్పయిందో తెలియక, “నాకు బుర్ర లేదు” అని కొత్త విద్యను మధ్యలో విడిచిపెట్టే విద్యార్థికి, ఆ తప్పు తన బుద్ధిది కాదనీ, ఎప్పుడో ఒక అచ్చుకూటంలోని రెండు చెక్కపెట్టెలనుండి వచ్చినదనీ తెలిసిననాడు, ఆ బిడ్డ మళ్ళీ కూర్చుని ఆ ఒక్క అక్షరాన్ని దిద్దుకొంటుంది.